పిండినల్లి కొడుకులో తండ్రి క్రోమోజోమ్‌లు: నా ప్రాజెక్టు డైరీ

ఈ ప్రాజెక్టులో నేను చూడాలనుకున్నవి రెండు. మగ పిండినల్లి కణాల్లో తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోమ్‌లన్నీ ముద్దలా ముడుచుకుపోయి, పనిచేయకుండా పడి ఉంటాయి. ఆ ముద్దను చూడాలి. అదే మగపురుగు శుక్రకణాలు తయారుచేసేటప్పుడు ఆ ముద్దను వదిలించుకుంటుంది. అది ఏ దశలో, ఎలా జరుగుతుందో చూడాలి. ఇవి కొత్తగా కనిపెట్టిన సంగతులేం కావు. 1921లోనే ఫ్రాంజ్ ష్రేడర్ ఒక పిండినల్లి జాతి క్రోమోజోమ్‌ల గురించి రాస్తూ, మగవాటిలో సగం క్రోమోజోమ్‌లు ముదురుగా, మిగతావాటికి దూరంగా ఉంటాయని చెప్పాడు. ఆయన వాడినలాంటి మైక్రోస్కోపు, రంగులు ఇప్పుడు నా బల్ల మీద ఉన్నాయి. అందుకే పుస్తకంలో బొమ్మ చూసి ఊరుకోబుద్ధి కాలేదు.

పిండినల్లి పొలుసు పురుగుల వర్గానికి చెందింది. ఈ వర్గంలో సుమారు 8,000 జాతులున్నాయి. లక్క పురుగు కూడా ఇందులోదే. క్రోమోజోమ్‌ల విషయంలో ఈ వర్గం ఒక పెద్ద వింత. ఆస్ట్రేలియాలో యూకలిప్టస్ చెట్ల మీద బుడిపెలు కట్టే ఏపియోమోర్ఫా అనే ఒక్క ప్రజాతిలోనే కొన్ని జాతులకు 4 క్రోమోజోమ్‌లుంటే ఒకదానికి 192 దాకా ఉన్నాయి. నేను ఎంచుకున్నది నిమ్మజాతి చెట్లను పట్టే పిండినల్లి, ప్లానోకాకస్ సిట్రై. దీనికి ఆడదైనా మగదైనా 10 క్రోమోజోమ్‌లే. ఎక్స్, వై లాంటి లింగ క్రోమోజోమ్‌లు లేవు. అంటే క్రోమోజోమ్‌లు లెక్కపెట్టి ఇది ఆడా మగా అని చెప్పలేం. తల్లి నుంచి 5, తండ్రి నుంచి 5 వస్తాయి. కూతురిలో పదీ పనిచేస్తాయి. కొడుకులో తల్లివైన 5 మాత్రమే పనిచేస్తాయి.

తేనెటీగల్లో మగది ఫలదీకరణ జరగని గుడ్డులోంచి పుడుతుంది కాబట్టి దానికి అసలు తండ్రే ఉండడు. ఇక్కడ అలా కాదు. తండ్రి ఉన్నాడు, ఆయన క్రోమోజోమ్‌లు కొడుకు కణాల్లో జీవితాంతం ఉంటాయి. కానీ కొడుకు వాటిని తన పిల్లలకు ఇవ్వడు. ఈ తేడాయే నన్ను ఈ పనిలోకి లాగింది.

జూన్: కల్చర్ పెట్టడం

పిండినల్లిని పెంచడానికి అందరూ వాడే పద్ధతే నేనూ పట్టుకున్నాను. మొలకెత్తిన బంగాళాదుంపలు, వెడల్పు మూతి గాజు సీసాలు, మూతికి సన్నటి గుడ్డ. దుంపల్ని చీకట్లో ఉంచి మొలకలు పొడవుగా, తెల్లగా రానిచ్చాను. ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గర ఉంచితే ఒక తరం పూర్తి కావడానికి నెల అటూ ఇటూ పడుతుంది. గుడ్లు దూదిలాంటి మైనపు సంచిలో ఉంటాయి. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది.

కల్చర్‌లో అసలు తలనొప్పి తేనెమంచు. పురుగులు వదిలే ఆ తియ్యటి జిగురు మీద నల్లబూజు పడుతుంది. పాత దుంప పూర్తిగా కుళ్లకముందే పక్కన కొత్త దుంప పెడితే పిల్లపురుగులు వాటంతట అవే దాని మీదికి నడిచి వెళ్తాయి. బ్రష్‌తో మార్చడం కన్నా ఇదే మేలు. మొలకలో గుచ్చుకుని ఉన్న నోటి ముళ్లు లాగితే తెగిపోతాయి. వాసనకు చీమలు వస్తాయి కాబట్టి సీసాల్ని నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టాను.

ఇది పంటల్ని పాడుచేసే పురుగన్న సంగతి ఒక్క రోజు కూడా మర్చిపోకూడదు. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లలు గాలికి కూడా కొట్టుకుపోతాయి. కాబట్టి సీసా తెరిచిన చోటే పని. వాడేసిన దుంపా, గుడ్డా, కాగితం అన్నీ మూతపెట్టిన డబ్బాలో ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, ఆ తర్వాత మరిగే నీళ్లలో ముంచాకే పారేస్తున్నాను. ఎవరైనా ఈ ప్రాజెక్టు చేయాలనుకుంటే ముందు ఈ ఏర్పాటు చూసుకోండి, పురుగులు తర్వాత తెచ్చుకోవచ్చు.

జూలై: ఆడా మగా వేరు చేయడం

చిన్న పిల్లలుగా ఉన్నప్పుడు ఆడా మగా ఒకేలా ఉంటాయి. రెండో దశ చివరికి వచ్చేసరికి మగవి రంగు మారి, సన్నటి తెల్ల పోగులతో గూడు అల్లుకుంటాయి. ఆ గూట్లోనే ప్యూపా లాంటి దశలు గడిపి రెక్కలతో బయటికి వస్తాయి. పెద్ద మగపురుగుకు నోరు ఉండదు, ఏమీ తినదు, కొద్ది రోజులే బతుకుతుంది. దాని పని ఆడదాన్ని వెతుక్కుంటూ పోవడమే. ఆడది మాత్రం రెక్కలు లేకుండా, పెద్ద పిల్లపురుగులాగే ఉండిపోతుంది. మగవాటిని రమ్మని గాలిలోకి ఒక వాసన వదులుతుంది. ఒకే జాతిలో రెండు రూపాలు ఇంత దూరం పోవడం, అది కూడా ఒకే పది క్రోమోజోమ్‌లతో, స్టీరియో మైక్రోస్కోపు కింద చూసిన ప్రతిసారీ నాకు అబ్బురంగానే ఉంటుంది.

గూళ్లు కనబడగానే వాటిని వేరే గొట్టాల్లోకి తీసేస్తున్నాను. మిగిలినవన్నీ ఆడవే కాబట్టి, అవి మగతోడు లేకుండా పెరుగుతాయి. జత కట్టని ఆడపురుగులు ఈ జాతిలో పిల్లల్ని కనవు. అందువల్ల ఏ తల్లి ఎప్పుడు జతకట్టిందో నా చేతుల్లోనే ఉంటుంది. ముందు ముందు ఇదే పనికొస్తుంది.

ఆగస్టు మొదట్లో: మైనం గొడవ

గుడ్ల సంచి విప్పి సూదితో గుడ్లను విడదీసి మూడు వంతుల ఆల్కహాల్, ఒక వంతు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో వేస్తే గుడ్లు పైన తేలుతున్నాయి. గుడ్ల మీదున్న మైనపు పొడి ద్రావణాన్ని లోపలికి పోనివ్వదు. పాతకాలం సైటాలజీవాళ్లు, అంటే కణాల్ని పరిశీలించేవాళ్లు, ఈ పురుగులకు క్లోరోఫామ్ కలిపిన ద్రావణం ఎందుకు వాడేవారో ఇప్పుడు అర్థమైంది. క్లోరోఫామ్ 4 వంతులు, ఆల్కహాల్ 3, ఎసిటిక్ ఆమ్లం 1. మైనం వెంటనే కరిగి గుడ్లు అడుగుకు దిగాయి. గాలి బాగా ఆడే చోట, గ్లవ్స్ వేసుకుని మాత్రమే ఈ పని. ఆ ఆవిరి పీల్చకూడదు.

తర్వాత పద్ధతి మామూలే. గుడ్డును 45 శాతం ఎసిటిక్ ఆమ్లంలో మెత్తబరిచి, క్రోమోజోమ్‌లకు పట్టే ఓర్సీన్ (orcein) అనే రంగు చుక్కలో సూదితో చిదిపి, కవర్‌స్లిప్ వేసి, పైన ఫిల్టర్ పేపర్ పెట్టి బొటనవేలితో నిటారుగా నొక్కాలి. వేలు పక్కకు జరిగితే కణాలన్నీ మెలిపడతాయి. సొన మరీ ఎక్కువగా ఉన్న గుడ్లలో రంగు మసకగా పడుతోంది. కొంచెం ముదిరిన పిండాలు తీసుకుంటే కణాలు చిన్నవైనా చాలా శుభ్రంగా వస్తున్నాయి.

ఆగస్టు చివర్లో: ముద్ద కనిపించింది

నూరు రెట్ల ఆయిల్ లెన్స్ కింద ఒకే తల్లి గుడ్లు రెండు పక్కపక్కన. మొదటి పిండంలో ప్రతి కేంద్రకమూ ఒకే తీరుగా, లేతగా, సమానంగా రంగు పట్టింది. రెండో పిండంలో ప్రతి కేంద్రకంలోనూ ఒక అంచున ముదురు ఎరుపు మచ్చ. ఒకటీ అరా కాదు, పిండం మొత్తం అంతే. మొదటిది ఆడ, రెండోది మగ. ఆ మచ్చే తండ్రి ఇచ్చిన అయిదు క్రోమోజోమ్‌లు, హెటెరోక్రొమాటిన్‌గా ముడుచుకుని ఉన్న రూపం. సందేహం రాకుండా అదే స్లైడును ఇంకా అటూ ఇటూ తిప్పాను. విభజన మధ్యలో ఆగిన ఒక మగ కణంలో పదీ విడివిడిగా కనిపించాయి, అయిదు లేతగా, అయిదు ముదురుగా.

ఈ మచ్చ మొదటి నుంచీ ఉండదు. ఫలదీకరణ అయ్యాక మొదటి కొన్ని విభజనల్లో రెండు సెట్లూ ఒకేలా ఉంటాయి. పిండం చుట్టూ కణాల పొర కట్టే సమయానికి మగవాటిలో ఒక సెట్టు మాత్రం బిగుసుకుంటుంది. అంటే 'ఇది తండ్రిది' అన్న గుర్తు ఆ కొన్ని విభజనల పాటు పైకి ఏమీ కనిపించకుండా ఉండి, ఒక దశలో పనిలోకి దిగుతోంది. ఆ గుర్తునే ఇప్పుడు జన్యు ముద్రణ అంటున్నారు, ఇంప్రింటింగ్. ఆ పదాన్ని క్రోమోజోమ్‌ల విషయంలో 1960లో వాడింది హెలెన్ క్రౌజ్. ఆమె పనిచేసింది సియారా అనే చిన్న ఈగ మీద. అది కూడా తండ్రి క్రోమోజోమ్‌లను వదిలేసే పురుగే.

నాకు ఇందులో అన్నింటికన్నా లోతుగా అనిపించింది మరొకటి. ఒక మగపురుగులో తల్లి ఇచ్చిన సెట్టు లేతగా, చురుగ్గా ఉంటుంది. శుక్రకణంలోకి వెళ్లేది అదే. ఆ శుక్రకణం నుంచి కూతురు పుడితే ఆ సెట్టు చురుగ్గానే కొనసాగుతుంది. కొడుకు పుడితే అదే సెట్టు, అదే డీఎన్ఏ, ఇప్పుడు 'తండ్రిది' అయిపోయి ముద్దగా మారుతుంది. నిన్నటి దాకా పనిచేసిన జన్యువులే ఒక్క తరంలో మూగబోతాయి. జన్యువుల అక్షరాల్లో ఏ మార్పూ లేదు, అవి శుక్రకణం దారిలో వచ్చాయన్నదే తేడా. కూతురు దారిలో వెళ్లిన ప్రతి క్రోమోజోమ్‌కూ ఇంకో అవకాశం ఉంటుంది, కొడుకు దగ్గరికి తండ్రి ద్వారా వెళ్లినదానికి మాత్రం అక్కడితో వంశం ఆగిపోతుంది.

ఈ స్లైడులు చూపించినప్పుడు నా మిత్రుడు ఒక ప్రశ్న వేశాడు. "ఆ ముద్ద తండ్రిదే అని నీకెలా తెలుసు? తల్లిది కూడా కావచ్చుగా?" మంచి ప్రశ్న. నా స్లైడు ఒక్కటే చూసి దానికి జవాబు చెప్పలేం. జవాబు 1961లో స్పెన్సర్ బ్రౌన్, వాల్టర్ నెల్సన్-రీస్ చేసిన ఎక్స్-రే ప్రయోగాల్లో ఉంది. తండ్రికి ఎక్స్-రే ఇచ్చి క్రోమోజోమ్‌లు విరగ్గొడితే, కొడుకుల్లో విరిగిన ముక్కలు ముద్ద సెట్టులోనే కనిపించాయి. తల్లికి ఇస్తే ముక్కలు లేత సెట్టులో కనిపించాయి. ఇంకా గొప్ప సంగతి, తండ్రికి ఎక్కువ మోతాదు ఇచ్చినప్పుడు కూతుళ్లు చచ్చిపోయాయి, కొడుకులు బతికాయి. కూతుళ్లకు తండ్రి జన్యువులు పనిచేయాలి కాబట్టి వాటి దెబ్బ తగిలింది. కొడుకులు ఆ జన్యువుల్ని వాడటమే లేదు కాబట్టి దెబ్బతిన్నా ఫరవాలేకపోయింది. ముద్ద ఎవరిదో, అది నిజంగా పనిచేయడం లేదో, రెండూ ఒకే ప్రయోగం తేల్చేసింది. ఇంత శుభ్రమైన తర్కం ఉన్న ప్రయోగాలు తక్కువ.

ఆ ముక్కలు కణవిభజనలో పోకుండా నిలవడానికి ఇంకో కారణం ఉంది. పొలుసు పురుగుల క్రోమోజోమ్‌కు నడుం లాంటి ఒక్క సెంట్రోమియర్ ఉండదు. విభజన దారాలు క్రోమోజోమ్ పొడవునా పట్టుకుంటాయి. అందుకే విరిగిన చిన్న ముక్క కూడా దారం పట్టుకుని పక్క కణంలోకి వెళ్లగలుగుతుంది. నా స్లైడుల్లో కూడా క్రోమోజోమ్‌లు ఎక్కడా నొక్కుల్లేకుండా, నిండుగా, చిన్న కడ్డీల్లా ఉన్నాయి.

సెప్టెంబర్: వృషణాలు

ఇది మొత్తం ప్రాజెక్టులో కష్టమైన భాగం. పెద్ద మగపురుగులో వెతికితే లాభం లేదు, అప్పటికే శుక్రకణాలు తయారైపోయి కట్టలుగా ఉంటాయి. గూడు అల్లడం మొదలుపెట్టిన దశ నుంచి, గూట్లో మొదటి మార్పు జరిగే దాకా, ఆ మధ్యలో పట్టుకోవాలి. పురుగు మిల్లీమీటరు పొడవు. వృషణాలు రెండూ కడుపు పక్కల చిన్న సంచుల్లా ఉంటాయి. ఉప్పు ద్రావణంలో ముందు వైపు ఒక సూదితో అదిమి, రెండో సూదితో వెనక చర్మం చీలిస్తే లోపలివన్నీ కొవ్వుతో పాటు బయటికొస్తాయి. కొవ్వు కణాల్లోంచి వృషణాన్ని వేరు చేయడం చేతికి అలవాటు కావడానికి సమయం పట్టింది.

మామూలుగా శుక్రకణాలు తయారయ్యే విభజనలో మొదట జత క్రోమోజోమ్‌లు విడిపోతాయి, తర్వాత ఒక్కో క్రోమోజోమ్ రెండు పాయలూ విడిపోతాయి. పిండినల్లిలో ఇది తలకిందులు. మొదటి విభజనలో పాయలు విడిపోతాయి. తల్లి సెట్టూ తండ్రి సెట్టూ మగవాటిలో అసలు జతకట్టవు, ముక్కల మార్పిడీ ఉండదు. రెండో విభజనలో రెండు సెట్లు వేరవుతాయి. అప్పుడు విభజన దారాలు కణంలో ఒక్క కొస (ధ్రువం) నుంచే వచ్చి, లేత సెట్టును మాత్రమే పట్టుకుని లాగుతాయి. ముద్ద సెట్టు ఉన్నచోటే మిగిలిపోతుంది. కణం మాత్రం నాలుగుగా చీలదు, ఒకే కణంలో నాలుగు కేంద్రకాలు ఉంటాయి.

నాకు దొరికింది సరిగ్గా ఈ నాలుగు కేంద్రకాల దశ. ఒకే పొర లోపల రెండు లేత కేంద్రకాలు, రెండు ముదురు కేంద్రకాలు. పక్క గుంపులో లేతవి సాగి దారాల్లా అవుతున్నాయి, ముదురువి చిన్న గుండుసూది తలలంత ముడుచుకుపోయాయి. మామూలుగా ఒక విభజనకు నాలుగు శుక్రకణాలు రావాలి, ఇక్కడ రెండే వస్తాయి. తండ్రి సెట్టు ఉన్న రెండూ అక్కడే కరిగిపోతాయి. ప్రాజెక్టు మొదటి లక్ష్యం ముద్దను చూడటం, రెండో లక్ష్యం అది ఆగిపోయే చోటు చూడటం. రెండోది కూడా ఇప్పుడు ఫొటో రూపంలో నా దగ్గర ఉంది. ఒక్క ధ్రువం నుంచే దారాలు వచ్చే దశ మాత్రం ఈ రంగుతో తేలడం లేదు, దానికి ఆ దారాల్లోని ప్రోటీన్ అయిన ట్యూబ్యులిన్‌కు పట్టి వెలిగే రంగు కావాలి.

దీనికి సంబంధించి యూజీ నూర్ అనే శాస్త్రవేత్త పనిని ప్రస్తావించాలి. ఇంకో పిండినల్లి జాతిలో కొన్ని పురుగులకు మామూలు పదితో పాటు అదనంగా చిన్న బి క్రోమోజోమ్‌లు ఉంటాయి. వాటివల్ల పురుగుకు ఏ ఉపయోగమూ లేదు. మగవాటిలో శుక్రకణాల విభజన ముందు అవి తమ ముద్దతనాన్ని వదిలేసి, లేత సెట్టుతో కలిసి శుక్రకణంలోకి వెళ్లిపోతాయి. తండ్రి నుంచి వచ్చిన బి క్రోమోజోమ్ కూడా ఇలా తప్పించుకుంటుంది. సగం శుక్రకణాల్లో ఉండాల్సింది 90 శాతం దాకా వాటిలో చేరుతుంది. పారేయడానికి ఒక పద్ధతి ఉంటే దాన్ని దాటే క్రోమోజోమ్ కూడా పుట్టుకొస్తుందన్నమాట.

అక్టోబర్: పేగులోనూ, బాక్టీరియా కణాల్లోనూ

మగపురుగు శరీరమంతా ముద్ద ఉంటుందనుకోకూడదు. పేగు, విసర్జన నాళాలు లాంటి కొన్ని కణజాలాల్లో ముద్ద విప్పుకుంటుంది. వృషణం కోసం చీల్చిన పురుగుల విసర్జన నాళాలకు (మాల్పీజియన్ నాళాలు) కూడా రంగు వేసి చూశాను. పెద్ద పెద్ద కేంద్రకాలు, ఎక్కడా మచ్చ లేదు. అదే పురుగు మెదడు కణాల్లో మచ్చ స్పష్టంగా ఉంది. కాబట్టి పెద్ద పురుగును చిదిపి ఆడా మగా తేల్చేవాళ్లు ఏ కణజాలం చూస్తున్నారో తెలుసుకుని చూడాలి.

ఆడపురుగుల్లో ఇంకో వింత ఎదురైంది. కడుపు మధ్యలో పసుపు రంగు ముద్దలాంటి అవయవం ఉంటుంది. అందులో పిండినల్లికి అమైనో ఆమ్లాలు తయారుచేసి ఇచ్చే బాక్టీరియా ఉంటాయి. ట్రెంబ్లేయా అనే బాక్టీరియా లోపల మోరనెల్లా అనే ఇంకో బాక్టీరియా కాపురం ఉంటుంది. ఆ అవయవం కణాల్లో క్రోమోజోమ్ సెట్లు రెండు కాదు, అయిదు. మామూలుగా అండం తయారయ్యేటప్పుడు మిగిలిపోయి నశించే ధ్రువ కణాలు ఇక్కడ నశించవు. వాటిలో మూడు సెట్లు, పిండం కేంద్రకం నుంచి రెండు సెట్లు కలిసి అయిదవుతాయి. అంటే ఈ కణాల్లో తల్లి వాటా నాలుగు, తండ్రి వాటా ఒకటి. నా స్లైడుల్లో ఆ కేంద్రకాలు చుట్టుపక్కల వాటికన్నా స్పష్టంగా పెద్దవి, కానీ క్రోమోజోమ్‌లు లెక్కపెట్టే స్థాయిలో పరుచుకోలేదు.

నవంబర్: తల్లి వయసు

లింగ క్రోమోజోమ్‌లు లేకపోతే కొడుకా కూతురా అన్నది దేన్నిబట్టి? ఈ జాతి మీద చాలా కాలంగా ఉన్న పరిశీలన ఏమిటంటే, ఆలస్యంగా జతకట్టిన తల్లులకు కొడుకులు ఎక్కువ. వేరు చేసి ఉంచిన ఆడపురుగులు ఇందుకు పనికొచ్చాయి. కొన్నింటిని పెద్దవి కాగానే మగవాటితో కలిపాను, కొన్నింటిని చాలా ఆలస్యంగా. గుడ్ల సంచుల మీద అంకెలు మాత్రమే వేసి మిత్రుడికి ఇచ్చాను, ఏది ఎవరిదో అతనికి తెలియకుండా మచ్చ ఉన్న పిండాలూ లేనివీ లెక్కపెట్టాడు. ఆలస్యంగా జతకట్టిన తల్లుల స్లైడుల్లో మచ్చ ఉన్న పిండాలు బాగా ఎక్కువగా ఉన్నాయి. పిల్లలు పెరిగి గూళ్లు కట్టేదాకా ఆగి లెక్కిస్తే, మధ్యలో చచ్చిపోయినవి ఏ లింగమో తెలియదు. పిండంలోనే మచ్చ చూసి లెక్కించడం వల్ల ఆ చిక్కు లేదు. ఇది ఈ పద్ధతికున్న పెద్ద బలం.

తల్లుల మధ్య తేడా కూడా చాలా ఉంది. ఒకే రోజు జతకట్టిన అక్కాచెల్లెళ్లలోనే ఒకదానికి దాదాపు అన్నీ కొడుకులు, ఇంకోదానికి సగం సగం. అందుకే ఇప్పుడు అన్ని గుడ్లూ కలిపి లెక్కేయకుండా తల్లి తల్లికీ వేరుగా రాస్తున్నాను.

మిగతా పొలుసు పురుగుల్లో పద్ధతులు వేరు. కవచపు పొలుసు పురుగుల్లో చాలావాటికి మగ పిండం తండ్రి సెట్టును మొదట్లోనే బయటికి తోసేస్తుంది. ఇసీరియా పర్చేసీ అనే పొలుసు పురుగు అయితే ఇంకా దూరం వెళ్లింది. 1888-89లో కాలిఫోర్నియా నిమ్మతోటల్ని దాని నుంచి కాపాడటానికి ఆస్ట్రేలియా నుంచి రొడోలియా కార్డినాలిస్ అనే అక్షింతల పురుగును తెచ్చి వదిలారు. ఆ ఇసీరియా ద్విలింగి. ఆడదానిలా కనిపించే పురుగు శరీర కణాల్లో 4 క్రోమోజోమ్‌లు, దాని బీజాంగంలో శుక్రకణాలు తయారుచేసే భాగంలో 2 మాత్రమే. తన గుడ్లను తనే ఫలదీకరిస్తుంది. దీన్ని విప్పిచెప్పింది సాలీ హ్యూస్-ష్రేడర్.

ఇప్పుడు చేతిలో ఉన్న పనులు. ఆలస్యపు తల్లుల ప్రయోగాన్ని చల్లటి గదిలో, వెచ్చటి గదిలో వేరువేరుగా మళ్లీ నడపాలి, ఎందుకంటే తల్లి వయసూ ఉష్ణోగ్రతా రెండూ కలిసి మారితే ఏది కారణమో తేలదు. రెండోది, మచ్చ ఇంకా మొదలవ్వని తొలి పిండాలు. గుడ్డు సంచిలో పడ్డ వెంటనే తీసిన వాటిలో కూడా కొన్నింటికి మచ్చ వచ్చేసి ఉంది కాబట్టి, ఇకపై గుడ్లు పెట్టబోతున్న తల్లి కడుపులోంచే పిండాలు తీయాలి. అందుకు సరిపోయే ఆడపురుగులు నాలుగో సీసాలో పెరుగుతున్నాయి. వాటి దగ్గరున్న గూళ్లను నిన్ననే తీసేశాను.